బాలమణక్క అడుగున దాచినది

ఈ రోజు పొద్దున పంజగుట్టలో పిల్లల డాక్టరు దగ్గర మా పాపకు తొమ్మిదో నెల టీకా వేయించాం. నర్సు దూదిని స్పిరిట్‌లో తడిపి పాప తొడ మీద రుద్దింది. మామూలుగా అయితే పాప కంటే ముందు నా కళ్ళలోనే నీళ్ళు తిరుగుతాయి. ఈ రోజు మాత్రం ఆ వాసన వెంట ఒక చేయి నా కళ్ళ ముందుకు వచ్చింది. గాజులు తీసి పక్కన పెట్టిన చేయి, ఏళ్ళ తరబడి స్పిరిట్ తగిలి వేళ్ళ చివర్లు తెల్లగా పొడిబారిన చేయి. "మోచేతి దాంక రుద్దు. ఇంక పైకి. అత్తరు పూసుకున్నట్టు రెండు చుక్కలు ఏంది?" అనే గొంతు కూడా వినిపించింది. పాప ఏడుస్తుంటే నేను నవ్వుతున్నానని మా ఆయన వింతగా చూశారు.

పాప పడుకున్నాక ఇది రాస్తున్నాను. ఊపిరి సరిగ్గా తీస్తోందో లేదోనని ఇప్పటికి రెండుసార్లు లేచి చూసి వచ్చాను. నా స్వభావమే అంత. చిన్నప్పుడు పరీక్షకు వెళ్ళేముందు హాల్ టికెట్ ఉందో లేదోనని సంచి నాలుగుసార్లు వెతికేదాన్ని. భయం ఉన్నవాళ్ళు జాగ్రత్తగా ఉంటారని అందరూ అనుకుంటారు. అది నిజం కాదని నాకు తెలిసింది బాలమణక్క దగ్గర. ఆమె పేరు ఎక్కడా అచ్చు కాలేదు. మా సంస్థ నుంచి వచ్చిన పరిశోధన పత్రాల చివర, కృతజ్ఞతల్లో కూడా "సాంకేతిక సిబ్బంది" అని ఉండేది తప్ప ఆమె పేరు ఉండేది కాదు. అందుకే ఆమెను ఎప్పుడూ చూడని మీకోసం రాయాలనిపించింది.

నేను బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి తెనాలి నుంచి హైదరాబాదు వచ్చేసరికి ఊరంతా కంప్యూటర్ కోర్సుల జ్వరంతో ఊగిపోతోంది. అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్, గదికి నలుగురం. తక్కిన ముగ్గురూ తెల్లవారకముందే లేచి, జిరాక్సు నోట్సు గుండెకు హత్తుకుని మైత్రీవనం వైపు నడిచేవాళ్ళు. నేనొక్కదాన్నే ఎదురు దిక్కుకు, ఎర్రమంజిల్ వైపు వెళ్ళేదాన్ని. అక్కడ ప్రభుత్వ క్వార్టర్ల వెనక, కేంద్ర ప్రభుత్వ నిధులతో నడిచే ఒక చిన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థలో నాకు ప్రాజెక్ట్ అసిస్టెంట్ ఉద్యోగం వచ్చింది. ఏడాదికోసారి పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. పక్క మంచం స్వప్న నన్ను రోజూ ఏడిపించేది.

"ఏంటే, మళ్ళీ సీసాలు కడగడానికేనా? మూడు నెలలు జావా నేర్చుకో. ఏసీలో కూర్చుంటావు."

"మా దగ్గరా ఏసీ ఉంది."

"నీకా?"

"కణాలకి."

"జీతం కూడా వాటికే ఇస్తున్నట్టున్నారు!" అని పడీ పడీ నవ్వేది. నేనూ నవ్వేదాన్ని గాని, మనసులో గుబులుగా ఉండేది. నాన్న కూడా ప్రతి ఆదివారం ఫోన్ చేసి, కంప్యూటర్ కోర్సులో ఎప్పుడు చేరతావని అడిగేవారు.

గేటు దాటి లోపలికి వెళితే మాత్రం ఊరి గోల ఒక్కసారిగా ఆగిపోయేది. పగలగొట్టలేక వదిలేసిన పెద్ద బండరాళ్ళు, వాటి మధ్య రెండంతస్తుల భవనం, రాళ్ళ సందుల్లోంచి సీతాఫలం చెట్లు. క్యాంటీన్లో ఇడ్లీ తింటూ డైరెక్టరూ డ్రైవరూ ఒకే బెంచీ మీద కూర్చునేవారు. కారిడార్లో ఎప్పుడూ ఉడికించిన గాజుసామాను వాసన. నన్ను డాక్టర్ శేషగిరి గారి దగ్గర వేశారు. పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బుల మీద ఆయన పనిచేసేవారు. శరీరంలో ఏదో ఒక ఎంజైము తయారుకాక, పుట్టిన ఏడాదిలోపే నీరసించిపోయే పిల్లల జబ్బులవి. అలాంటి పిల్లల చర్మంలోంచి గోరంత ముక్క తీసి, అందులోని కణాలను సీసాల్లో పెంచి, కొన్నిటిని గడ్డకట్టించి దాచిపెట్టేవాళ్ళం. ఆ దాచే పనీ పెంచే పనీ బాలమణక్కది.

ఆమెది భువనగిరి దగ్గర పల్లె. వ్యవసాయం చేసుకునే కుటుంబం. పెళ్ళయిన కొత్తలో భర్తతో పట్నం వచ్చి, ఈ సంస్థలో గాజుసామాను కడిగే పనికి కుదిరింది. కడుగుతూ కడుగుతూ చూసింది. చూస్తూ చూస్తూ నేర్చుకుంది. ప్రైవేటుగా పదో తరగతి కట్టింది, ఆ తర్వాత ఇంటరు. నేను చేరేనాటికి కణాల గదికి ఆమే పెద్దదిక్కు. పీహెచ్‌డీలు చేసేవాళ్ళు కూడా సీసా పట్టుకుని వచ్చి "అక్కా, ఇది బతికే ఉందంటావా?" అని అడిగేవాళ్ళు. ఆమె సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, "ఉన్నది. ఆకలి మీదున్నది" అనేది. కణాలకు పోసే మీడియం గులాబీ రంగులో ఉంటుంది. తినేసిన కొద్దీ పసుపు రంగుకు తిరుగుతుంది. ఆ రంగును బట్టి చెప్పేది.

మొదటిరోజు నేను ఆమెను "బాలమణి గారూ" అని పిలిచాను.

"గారు గీరు ఎందుకు? అక్క అను. గారు అంటె నేను పనిచెయ్య, కుర్చీల కూసుంట" అంది. తర్వాత హుడ్ ముందు, అంటే వడగట్టిన గాలి వీచే అద్దాల పెట్టె ముందు కూర్చోబెట్టి చేతులకు స్పిరిట్ పూయించింది. "గీడ కూసున్నంక నోరు మూసుకోవాలె. మాట్లాడితే నోట్లె ఉన్న పురుగులన్ని సీసల పడ్తయి. నీకు ముచ్చట్లు కావాల్నంటె క్యాంటీన్ ఉన్నది." నిజంగానే పని జరిగినంతసేపూ ఆమె ఒక్క మాట మాట్లాడేది కాదు. హుడ్ అద్దం దించగానే మాత్రం గంటసేపు ఆపేది కాదు.

గడ్డకట్టించిన కణాలను వయల్ అనే చిటికెనవేలంత సీసాల్లో ఉంచి, ఆ వయల్స్‌ను సన్నటి రేకుపట్టీకి ఒకదాని మీద ఒకటి తగిలించి, ద్రవ నైట్రోజన్ పోసిన పెద్ద క్యానులోకి దించేవాళ్ళం. వయల్స్ మీద పిల్లల పేర్లు రాయకూడదు, నంబర్లే రాయాలి. ఆ నంబర్లు ఆమెకు నోటికి వచ్చు. అయినా తనకు మాత్రం వాళ్ళంతా ఊళ్ళే. కరీంనగర్ పాప, నంద్యాల కవలలు, జనగామ పిలగాడు. ఆ పిల్లల్లో చాలామంది అప్పటికే లేరు. ఎవరి కణాలను దాచినా, ఆమె ఆ నాలుగైదు వయల్స్‌నూ ఒకే పట్టీకి పెట్టేది కాదు. ఒక్కొక్కరిది ఒక్కటి విడదీసి, వేరే పట్టీలో అన్నిటికంటే అడుగున పెట్టేది. దానివల్ల రిజిస్టరులో రెండు చోట్ల రాయాలి, వెతకాలన్నా రెట్టింపు పని.

"ఎందుకక్కా ఈ తిప్పలు?" అని ఒకసారి విసుక్కున్నాను.

"పుస్తకంల ఉన్నదా అంటె లేదు. నా అలవాటు. ఎవ్వరిదైన ఒకటి అడుగున ఉండాలె" అంది.

నైట్రోజన్ ఊరికే ఆవిరైపోతూ ఉంటుంది. అందుకని సోమవారం, గురువారం క్యాను మూత తీసి, పొడుగాటి కట్టె స్కేలును అడుగు తగిలేదాకా ముంచి, కాసేపుంచి, పైకి తీసి గాలిలో ఊపాలి. నైట్రోజన్ ఎంతవరకు ఉందో కట్టె మీద అంతవరకు తెల్లటి మంచు పడుతుంది. ఆ మంచు గీత దగ్గర ఎన్ని అంగుళాలుందో రిజిస్టరులో రాయాలి. ఎనిమిదికి తగ్గితే మళ్ళీ పోయాలి. రెండు నిమిషాల పని. కాని నాకు ఆ క్యాను అంటే చచ్చేంత భయం. మూత తీయగానే తెల్లటి పొగ గుప్పుమని మొహం మీదికి వచ్చేది. చుక్క పడితే చర్మం కాలిపోతుందని చదివాను. నేను ముంచే ప్రతిసారీ అక్క నా వెనక నిలబడేది. "జర ఆగు. అడుగు తగలనియ్. ఇగ ఇప్పుడు తియ్" అని.

ఆ ఎండాకాలంలో జనగామ పిలగాడి తల్లి మళ్ళీ మా దగ్గరికి వచ్చింది. ఆమె పేరు రేణుక అనుకుందాం. మొదటి కొడుకు పదకొండో నెలలో చనిపోయాడు. వాడు ఉండగానే తీసిన చర్మం ముక్క నుంచి పెరిగిన కణాలు ఐదు వయల్స్‌గా మా క్యానులో ఉన్నాయి. ఇప్పుడామెకు మళ్ళీ మూడో నెల. కడుపులోని బిడ్డకు కూడా అదే జబ్బు ఉందో లేదో తెలుసుకోవాలంటే, ఆ బిడ్డ చుట్టూ ఉండే పొర నుంచి తీసిన కణాలనూ, చనిపోయిన అన్న కణాలనూ పక్కపక్కన పెంచి, ఎంజైమును పోల్చి చూడాలి. ఆ రోజుల్లో ఆ జబ్బుకు వేరే పరీక్ష మా దగ్గర లేదు. పోల్చడానికి అన్న కణాలు బతికుండాలి. మూడు వారాల్లో పని మొదలుపెడదామని శేషగిరి గారు ఆమెకు చెప్పి పంపారు. వెళ్ళేముందు ఆమె అక్కను అడిగింది, "వాడు మంచిగనే ఉన్నడా అక్కా?" అని. "సల్లగ పండుకున్నడు" అంది అక్క.

సరిగ్గా అప్పుడే అక్క తల్లికి కంటి ఆపరేషన్ పడింది. రెండు వారాలు సెలవు పెట్టి ఊరికి వెళుతూ నాకు పని అప్పజెప్పింది. "పద్మజా, సీసలు ఎట్లున్నా మాఫీ. క్యాను మాత్రం మరువకు. సోమవారం, గురువారం. కట్టె ముంచాలె."

"అలాగే అక్కా, మీరేం కంగారు పడకండి" అన్నాను.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. ఆ రెండు వారాల్లో స్వప్న పోరు పడలేక మైత్రీవనంలో ఒక ఇన్‌స్టిట్యూట్ వారు పెట్టిన ఉచిత తరగతులకు పొద్దున్నే వెళ్ళడం మొదలుపెట్టాను. పదింటికి పరుగున ల్యాబుకు వచ్చేదాన్ని. సోమవారం క్యాను మూత తీశాను. పొగ గుప్పుమంది. వెనక అక్క లేదు. పొగ అంత దట్టంగా ఉంటే లోపల నిండుగానే ఉండి ఉంటుంది అనుకున్నాను. పోయిన గురువారం అక్క పదకొండు అని రాసి వెళ్ళింది. నేను పది అని రాశాను. మూత పెట్టేశాను. గురువారం కూడా పొగ వచ్చింది. ఇంకా తొమ్మిదిన్నర ఉంటుందిలే అని అదే రాశాను. ఆ పై సోమవారం తొమ్మిది. గురువారం తొమ్మిది. నాలుగుసార్లు నా చక్కటి చేతిరాతతో, నీలం సిరాతో, పక్కన పొట్టి సంతకంతో సహా రాశాను. అప్పుడు నాకు అబద్ధం రాస్తున్నాననిపించలేదు. అందాజు రాస్తున్నాననిపించింది, అంతే. భయపడే మనిషి భయపడిన దాని దగ్గరికి వెళ్ళకుండా ఉండటానికి ఏదైనా నమ్మేస్తుంది.

పొగ ఉంటే నైట్రోజన్ ఉన్నట్టు కాదు. అడుగున రెండంగుళాలు మిగిలినా పొగ అలాగే వస్తుంది.

అక్క సోమవారం పొద్దున వచ్చింది. ఊరి నుంచి తెచ్చిన సకినాల పొట్లం నా బల్ల మీద పెట్టింది. చేతులు కడుక్కుని నేరుగా క్యాను దగ్గరికి వెళ్ళి కట్టె ముంచింది. తీసి ఊపింది. మళ్ళీ ముంచింది. మళ్ళీ ఊపింది. కట్టె చివర మూడు వేళ్ళ వెడల్పున మాత్రం తెల్లగా ఉంది. ఆమె రిజిస్టరు తెరిచి నా నాలుగు వరసలూ చదివింది. తర్వాత మూత తిరగేసి చూసింది. లోపలి బెండు ఒకవైపు అరిగి ఊడిపోయి ఉంది. అందుకే అంత తొందరగా ఆవిరైపోయింది.

"పద్మజా, కట్టె ముంచినవా?"

"ముంచానక్కా" అన్నాను.

ఆమె కట్టెను నా చేతిలో పెట్టింది. అంతే. చల్లగా, పొడిగా ఉంది. నాకు ఏడుపు వచ్చింది.

"ఏడుపు తర్వాత. ముందుగాల వేరే క్యాను నింపు. చేతులకు తొడుగులేస్కో. ఉర్కు."

ఆ పొద్దంతా మేమిద్దరం పట్టీలు ఒక్కొక్కటే తీసి, నంబరు చదివి, రెండో క్యానులోకి మార్చాం. పైనున్నవి మెత్తబడ్డాయని చూడగానే తెలిసింది. జనగామ పిలగాడి నాలుగు వయల్స్ పై వరసల్లోనే ఉన్నాయి. వాటిలో రెండిటిని కరిగించి సీసాల్లో పోసి, మధ్యాహ్నం మైక్రోస్కోపులో చూశాం. కణాలు గుండ్రంగా, నల్లగా, పగిలిపోయి తేలుతున్నాయి. తక్కిన రెండూ అంతే. అప్పుడు అక్క రిజిస్టరులో రెండోచోటు వెతికింది. ఐదోది వేరే పట్టీలో, అన్నిటికంటే అడుగున, ఆ మిగిలిన రెండంగుళాల నైట్రోజన్‌లో ఉంది.

ఆ వయల్‌ను తీసేటప్పుడు నంబర్లన్నీ నోటికి వచ్చిన ఆమె ఆ నంబరును మూడుసార్లు పైకి చదవడం చూశాను. అంతకుముందు గాని, ఆ తర్వాత గాని అలా చూడలేదు.

దాన్ని కరిగించి పోశాక నేను కొత్త మీడియం సీసా అందుకోబోతే ఆపింది. "కొత్తది వద్దు. గంత బలమున్నది గీ పానం మీద పోస్తె తట్టుకోదు. ఎంగిలి పోద్దాం." ఎంగిలి అంటే, ఆరోగ్యంగా ఉన్న వేరే కణాలు రెండు రోజులు తిని వదిలిన మీడియం. దాన్ని వడగట్టి, కొత్తదానితో సగం సగం కలిపి పోసింది. నీరసంగా ఉన్న కణాలకు అది పడుతుంది. నాకు ఎమ్మెస్సీలో ఎవరూ చెప్పలేదు. సీసాను ఒంటి వేడికి సరిపడా వెచ్చగా ఉండే ఇంక్యుబేటర్లో పై అరలో వెనక్కి పెట్టి, తలుపు మూసి, నా వైపు తిరిగింది.

"ఇగ నాలుగు దినాలు దాన్ని తియ్యొద్దు. ముట్టొద్దు. ఊకూకె చూస్తె లేశేది సుత లెవ్వదు. అది అడుగుకు పట్టుకోవాలె. కదిపితె పట్టుకోదు."

ఆ తర్వాత రిజిస్టరు తెరిచింది. నేను ఆ పేజీ చించేస్తుందేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే, చించేస్తే బాగుండునని ఆశపడ్డాను. ఆమె పెన్ను నా చేతికిచ్చింది.

"నీ నాలుగు లైన్లు కొట్టెయ్. ఒక్కటే గీత. కింద నువు రాసింది కనబడాలె. పక్కకు రాయి, ముంచి చూడలేదని. సంతకం పెట్టు."

"అక్కా, ఇది శేషగిరి గారు చూస్తే..."

"చూస్తడు. నువ్వే చూపెట్టాలె."

"మీరు చెప్పండక్కా. మీరు చెబితే ఆయన వింటారు. నా ఉద్యోగం..."

"నేను చెప్ప. నేను చెప్తె నీ తప్పు నాదైతది, నీకు తేలికైతది. నువ్వు చెప్పు. నేను పక్కపొంటి నిలవడ్త." రిజిస్టరు నా వైపు జరిపి, "నీ నౌకరి పోతే పోతది. ఆ జనగామ పొల్లకు రేపు ఏం చెప్పాలె, అది జూడు" అంది.

నేను గీసిన ఆ నాలుగు గీతలూ వంకర టింకరగా వచ్చాయి.

శేషగిరి గారు రిజిస్టరులో ఆ నాలుగు వరసల మీదా వేలు పెట్టి చదివారు. కేకలు వేసి ఉంటే బాగుండేది. "బెండు ఊడిపోవడం మీ చేతిలో లేదు. ముంచి చూడటం మీ చేతిలో ఉంది" అన్నారు చివరికి. "ఏంటమ్మా ఇది? పది అని ఎలా రాశారు?"

"పొగ చూసి రాశానండీ."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "రేణుక ఎల్లుండి వస్తోంది. ఆవిడకి కూడా మీరే చెప్పాలి." అక్క వైపు చూశారు. అక్క తల ఊపింది. ఆమె అన్నమాట ప్రకారం నా పక్కనే, నా భుజం తగిలేంత దగ్గరగా నిలబడి ఉంది.

రేణుక వచ్చిన రోజు రాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి చెప్పాను. ఎన్నిసార్లు మనసులో అనుకున్నా, మాటలు అడ్డదిడ్డంగానే వచ్చాయి. నేను చూడకుండా చూశానని రాశాను, నాలుగు పోయాయి, ఒక్కటి మిగిలింది, అది లేస్తుందో లేదో ఇంకా తెలియదు అని చెప్పాను. ఆమె నా మొహం వైపు చూడలేదు. కొంగు చివర వేళ్ళకు చుట్టుకుంటూ, "అయితె వాడు మళ్ళ పోయిండా?" అంది.

అక్క ఆమె పక్కన కూర్చుంది. "నాకెరుక లేదు బిడ్డా. ఉన్నడని చెప్ప, లేడని చెప్ప. శుక్రవారం చూస్త. చూసినంక ఉన్నదున్నట్టు చెప్త" అంది. రేణుక తల ఊపి, నా వైపు తిరిగి, "నువ్వన్నా నిజం చెప్పినవ్. దవాఖానల ఎవ్వరు చెప్పకపోయిరి" అంది. నన్ను క్షమించిందని కాదు. ఆ గొంతులో కోపం ఉంది. అయినా ఆ మాట అంది.

శుక్రవారం దాకా ఎలా గడిపానో నాకే తెలియదు. ఇంక్యుబేటర్ తలుపు పిడి మీద చేయి వేయడం, తీసేయడం. రెండోరోజు తెరవబోతుంటే అక్క వెనక నుంచి నా జడ పట్టుకుని లాగింది. "నీ రంది దానికేం ఎరుక? నీకు చేతులు ఊకుంటలేవంటె పో, గాజుసామాన్ కడుగు." నిజంగానే కడిగించింది. తను ఎక్కడ మొదలుపెట్టిందో అక్కడ, అదే తొట్టి దగ్గర, రెండు రోజులు సీసాలు కడిగాను. ఏడోసారి జాలాడించాక సీసా లోపలి గోడ మీద నీళ్ళు బొట్లుగా కాకుండా పొరలా జారాలని, అప్పుడే అది శుభ్రమైనట్టని అక్కడే నేర్చుకున్నాను. స్వప్న మాట నిజమైంది. ఆ రోజు సాయంత్రం తనకు చెబితే ఈసారి నవ్వలేదు.

శుక్రవారం అక్క సీసాను రెండు చేతులతో, నిండు గిన్నె మోసినట్టు మైక్రోస్కోపు దగ్గరికి తెచ్చింది. చాలాసేపు చూసింది. లేచి నన్ను కూర్చోమంది. ముందు నాకు చచ్చినవే కనిపించాయి. తర్వాత ఒక మూలన, అడుగుకు అంటుకుని, రెండు కొసలూ సాగి, గోరింటాకులా సన్నగా ఒకటి కనిపించింది. దాని పక్కన ఇంకొకటి. లెక్కపెడితే తొమ్మిది.

"లేశిండు" అంది అక్క. పక్కకు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆ తొమ్మిదే పెరిగి, సీసా నిండి, రెండు సీసాలై, పరీక్షకు అందివచ్చాయి. అందుకు అనుకున్నదానికంటే కొన్ని వారాలు ఎక్కువే పట్టింది. ఆ వారాలన్నీ రేణుక ఎలా ఎదురుచూసిందో ఇప్పుడు తల్లినయ్యాక నాకు కొంచెం అర్థమవుతోంది. కడుపులోని బిడ్డ కణాల్లో ఎంజైము ఉంది. అన్న కణాల్లో లేదు. బిడ్డకు ఆ జబ్బు రాదు. శేషగిరి గారు ఆ మాట చెప్పగానే రేణుక ఏడవలేదు, నవ్వలేదు. "ఒక్కసారి వాణ్ణి చూపెడ్తరా?" అని అడిగింది. అక్క ఆమె చెప్పులు విప్పించి, చేతులకు స్పిరిట్ పూసి, మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. రేణుక కన్ను ఆనించి ఊపిరి బిగబట్టి చూసింది.

"గీన్కి ఆకలైతదా అక్కా?"

"అయితది. దినం తప్పి దినం పెడ్తున్న."

"నేను పోయినంక?"

"పెడ్త. మళ్ళ సల్లగ పండుకోవెడ్త."

ఆ రోజు మళ్ళీ ఐదు వయల్స్ తయారుచేశాం. ఐదో దాన్ని ఎక్కడ పెట్టాలో ఎవరూ నాకు చెప్పనక్కర్లేకపోయింది.

నా ఉద్యోగం పోలేదు. శేషగిరి గారు ఆరు నెలలు నన్ను క్యాను దగ్గరికి రానివ్వలేదు, ఆ తర్వాత రానిచ్చారు. ఇంకో రెండేళ్ళు పనిచేసి, పెళ్ళయ్యాక మానేశాను. అక్క రిటైరైన రోజు వెళ్ళాను. క్యాంటీన్ బెంచీ మీద దండ మెడలో వేసుకుని, "ఇగ రేపటి సంది నోరు తెరిచి మాట్లాడ్త, ఎవ్వడడ్డమొస్తడో చూస్త" అని అందర్నీ నవ్విస్తోంది. ఇప్పుడు భువనగిరిలో కూతురి దగ్గర ఉంటోందని విన్నాను. ఫోన్ చేయాలి చేయాలి అనుకుంటూ చేయలేదు.

పోయిన నెల ఒక సంగతి జరిగింది. దాన్ని రాస్తే గాని ఇదంతా ఎందుకు రాశానో తేలదు. పాపను మంచం మీద పడుకోబెట్టి, చుట్టూ దిండ్లు పెట్టి, పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్ళాను. దబ్బుమని చప్పుడు. వచ్చేసరికి పాప నేల మీద ఉంది. ఎర్రగా కందిపోయిన చెవి, గుక్కపట్టిన ఏడుపు. ఆటోలో ఆసుపత్రికి వెళుతుంటే మా అత్తగారు, "నువ్వు పక్కనే ఉన్నావుగా, మంచం అంచు మీంచి మెల్లగా జారింది కదా, అంతే చెప్పు" అన్నారు. ఆవిడ చెడ్డ ఉద్దేశంతో అనలేదు. కోడలిని నలుగురిలో నిందలపాలు కాకుండా చూడాలనే.

డాక్టరమ్మ పాప కళ్ళలోకి లైటు వేసి చూస్తూ అడిగింది. "ఎలా పడింది? తల ముందు తగిలిందా, భుజమా?"

మా ఆయన, అత్తగారు, నర్సు అందరూ నా వైపే చూస్తున్నారు. మెల్లగా జారిందండీ అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. అది అబద్ధమని కూడా అనిపించలేదు. అలాగే జరిగి ఉంటుందిలే అనిపించింది. ఆ అనిపించడం ఎలాంటిదో నాకు బాగా తెలుసు.

"నేను పక్కన లేనండీ. వంటింట్లో ఉన్నాను. చప్పుడు విన్నాను, అంతే. ఏది ముందు తగిలిందో నేను చూడలేదు."

డాక్టరమ్మ లైటు ఆర్పింది. "అయితే సాయంత్రం దాకా ఇక్కడే ఉంచుదాం, గంటకోసారి చూద్దాం" అని చీటీ మీద రాసుకుంది. గంటకోసారి చూశారు. ఏమీ కాలేదు. సాయంత్రం ఇంటికి వెళ్ళమన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అత్తగారు పాప తలకు గాలి తగలకుండా కొంగు కప్పారు. తర్వాత, "ఆ మాట చెప్పకపోతే ఏం పోయేదమ్మా?" అన్నారు నెమ్మదిగా. బాలమణక్క సంగతి చెబుదామనుకున్నాను. అంతలో పాప నా భుజం మీద నిద్రపోయింది. దాని పిడికిలి నా జాకెట్టు అంచును గట్టిగా పట్టుకుని ఉంది. చేయి తిమ్మిరెక్కుతున్నా మార్చుకోకుండా, ఊపిరి వస్తోందో లేదోనని మొహం తిప్పి చూడకుండా, కదిపితె పట్టుకోదన్న అక్క మాట గుర్తొచ్చి, ఇల్లు వచ్చేదాకా అలాగే కదలకుండా కూర్చున్నాను.